రెండు వేళ్ళ బ్రేకు

మొన్న, ఆయన పోయిన పన్నెండో రోజున, ఆయన మోటారుసైకిలు దానం ఇచ్చారు.

ఆయన అపరకర్మలు చేయించే బ్రాహ్మడు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు కాలం చేసినా ఆ పదిపన్నెండు రోజుల తతంగం దగ్గరుండి నడిపించే మనిషి. తీరా ఆయనే పోయేసరికి నడిపించేవాళ్ళు దొరక్క కొడుకు ఊరూరా ఫోన్లు చేసుకున్నాడు. ఆఖరికి కోనసీమ నుంచి ఒక నడివయసు ఆయన వచ్చాడు. గొడుగు, చెప్పులు, మంచం, పరుపు, రాగిచెంబు వరసగా పెట్టి, వాటి పక్కన మూడువందల యాభై సి.సి. జంట సిలిండర్ల బండిని స్టాండు వేసి నిలబెట్టారు. వచ్చినాయన దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. తప్పు పట్టడానికి లేదు. శయ్యాదానంలో మోటారుసైకిలు ఉంటుందని ఎవరనుకుంటారు?

నీళ్ళు వదలబోయే ముందు చేతికర్ర పొడుచుకుంటూ ఒక ముసలాయన లోపలికి వచ్చాడు. కర్ర నా చేతికిచ్చి, బండి దగ్గరికి నడిచి, హ్యాండిలుకి కుడిపక్కనున్న బ్రేకు లీవరు మీద రెండు వేళ్ళు వేసి నొక్కాడు. వదిలాడు. మళ్ళీ నొక్కాడు.

"పనిచేస్తోంది. ఇవ్వండి" అన్నాడు.

అక్కడున్నవాళ్ళు ముసలితనం చాదస్తం అనుకుని ఊరుకున్నారు. ఆ రెండు వేళ్ళ సంగతి తెలిసినవాణ్ణి ఆ పందిట్లో, ఆ ముసలాయన కాక, నేనొక్కణ్ణే. అందుకే ఇది రాస్తున్నాను.

పోయినాయన పేరు రాయను. ఊరందరి పేర్లూ గోత్రాలూ పలికిన మనిషి పేరు, ఆయన బతికుండగా ఎవరైనా పలకగా నేను వినలేదు. ఆయన్ని ఇంటిపేరుతో కూడా పిలిచేవారు కాదు. "ఆయనకి కబురు పెట్టండి" అనేవారు, గొంతు తగ్గించి. ఆ 'ఆయన' అంటే ఎవరో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

మాది తణుకులో లేతు షాపు. డిప్లొమా చదివి, ఉద్యోగాల కోసం చెప్పులరగదీసుకుని, విసుగెత్తి పెట్టుకున్నది. రైసుమిల్లుల షాఫ్టులు, ట్రాక్టరు బుష్షులు, చెరకు గానుగల రోలర్లు, ఇవీ మా పనులు. మోటారుసైకిళ్ళ పనంటే నాకు మంట. వచ్చేవాళ్ళంతా కాలేజీ కుర్రాళ్ళు. సైలెన్సరు కొయ్యండి, చప్పుడు పెంచండి, హ్యాండిలు కిందికి వంచండి అంటారు. చప్పుడు పెరిగితే వేగం పెరిగిందనుకునే బుర్రలకి నేనేం చెప్పను? తరిమేసేవాణ్ణి.

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం పొద్దున్న, షాపు తీసి లేతుకి నూనె పోస్తున్నాను. రోడ్డుకి అవతల కరెంటు స్తంభం నీడలో ఒక మనిషి బండి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నల్లగా, సన్నగా, పంచె ఎగ్గట్టుకుని, నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. బండేమో నిగనిగలాడే ఎర్ర ట్యాంకు, రెండు సైలెన్సర్లు. ఆ రోజుల్లో మా వైపు అంత జోరైన బండి మరోటి లేదు. తయారీ అప్పటికే ఆగిపోయింది, స్పేరు పార్టులు దొరికేవి కావు. ఆ మనిషికీ ఆ బండికీ ఎక్కడా పొత్తు కుదరక, ఎవరిదో కాపలా కాస్తున్నాడనుకున్నాను.

చాలాసేపటికి ఇటు తిరిగి అడిగాడు. "బోణీ అయ్యిందాండీ?"

అప్పుడు గుర్తుపట్టాను. బోణీ కాకుండా ఆయన గుమ్మం తొక్కితే ఆ రోజు వ్యాపారం మట్టికొట్టుకుపోతుందని బజారులో అందరి నమ్మకం. మా పక్క కిరాణా ఆయనైతే ఆయన్ని చూడగానే సగం షట్టరు దించేవాడు. ఆయనకీ అది తెలుసు. అందుకే ఎవరి షాపుకైనా మరో బేరం వచ్చి వెళ్ళేదాకా రోడ్డవతలే నిలబడేవాడు. ఎండైనా వానైనా సరే.

నాకింకా బోణీ కాలేదు. కానీ ఆ అడగడం చూస్తే ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు.

"అయ్యింది, రండి" అన్నాను.

ఆయన లోపలికి వచ్చి, బెంచీ మీద కూర్చోకుండా, బండి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "మేస్త్రీగారూ, ఇది నేను దానం పట్టిన బండండి. దీనికో దోషం ఉంది. తియ్యాలి" అన్నాడు.

సంగతి ఇదీ. పెనుగొండ దారిలో కాలవగట్టు మీద ఒక ఊరు. ఆ ఊళ్ళో పెద్ద కామందు ఒకాయన, ఒక్కగానొక్క కొడుకు అడిగాడని ఎక్కడో పాతది వెతికి ఈ బండి కొనిచ్చాడు. వైశాఖంలో కాలవలు కట్టేసిన రోజుల్లో, లాకుల దగ్గర మలుపులో బండి గట్టు దిగి ఎండిపోయిన కాలవలో రాళ్ళ మీద పడింది. కుర్రాడు పోయాడు. బండికి గీతలు తప్ప ఏమీ కాలేదు. పెద్దకర్మ రోజున ఆ తండ్రి బండిని పందిట్లోకి తోయించి, "ఇది కూడా తీసుకుపోండి. నా కళ్ళ ముందు ఉండకూడదు" అన్నాడట.

"దానం పడితే ఆ వస్తువుతోపాటు దాని పాపం కూడా మనకొస్తుందండి" అన్నాడు ఆయన. "మంచం పడితే జపం చేసుకుంటాం, పోతుంది. దీనికి జపం చాలదండి. ఈ దోషం ఇనుములో ఉంది."

నాకు నవ్వొచ్చింది. కానీ ఆ మనిషి నవ్వులాటకి రాలేదు. ముందు చక్రం విప్పమన్నాడు. విప్పాను. అందులో ఉన్నది డ్రమ్ము బ్రేకు. లోపల రెండు అర్ధచంద్రాకారపు షూలు డ్రమ్ముకి రాసుకుంటే బండి ఆగాలి. మామూలు బండికి అది చాలు, ఇంత పొగరున్న ఇంజనుకి అది చాలదు. షూలు బయటికి తీసి వెలుతురులో తిప్పి చూశాను. మామూలుగా షూ గరుకుగా, ఊక రంగులో ఉంటుంది. ఇవి కాలి నల్లబడి, అద్దంలా నున్నగా తేలి ఉన్నాయి. డ్రమ్ము లోపల నీలంగా వేడి మరక.

"బ్రేకు గట్టిగా పట్టాడండి" అన్నాను. "వదలకుండా పట్టాడు. ఇది వేడెక్కిపోయి జారిపోయింది."

ఆయన షూలు రెండూ చేతిలోకి తీసుకుని, నెత్తి తువ్వాలు విప్పి, చెంగు చింపి అందులో చుట్టాడు. "పందిట్లో కూర్చుని గోత్రం, పేరు చెప్పమంటే ఆ తండ్రి ఏమన్నాడో తెలుసాండీ? 'బ్రేకు మీద చెయ్యెయ్యని వెధవకి పేరెందుకు' అన్నాడు. నేను ఎన్ని వందల మంది పేర్లు చెప్పించానో. కన్నకొడుకు పేరు చెప్పనన్న తండ్రిని చూడలేదండి. ఆ పేరు నేనే చెప్పుకుని పిండం పెట్టించాను."

ఆ మాట అన్నాక లేచి, బండి అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. వస్తాననలేదు. తర్వాత తర్వాత అలవాటైంది నాకు. ఆయన వృత్తిలో ఏ ఇంట్లోనూ 'వెళ్ళొస్తాను' అనకూడదు. చావింటికి మళ్ళీ వస్తాననడం అశుభం కదా. ఎవరూ ఆయన్ని 'మళ్ళీ రండి' అనరు కూడా. ఆ అలవాటు నరాల్లోకి ఇంకిపోయి, మాట మధ్యలో లేచి వెళ్ళిపోయేవాడు. మా ఆవిడ మొదట్లో "మర్యాద తెలీని మనిషి" అనేది. విషయం తెలిశాక ఒకరోజు వంటింట్లో కళ్ళు తుడుచుకుంది.

బండి పని మొదలైంది. దాన్ని బాగుచేసిన తీరు చూస్తే ఆ కాలేజీ కుర్రాళ్ళు సిగ్గుపడాలి. ప్రతి లోపానికీ ఆయన 'దోషం' అనేవాడు, బాగుచేస్తే 'శాంతి' అనేవాడు. పంచె చెయినులో పడకుండా చెయిను చుట్టూ రేకుతో గూడు కట్టించాడు. అది చెయినుకి శాంతి. సీటు వెనక చివర అల్యూమినియం పెట్టె బిగించాం. అందులో దర్భలు, నువ్వులు, మడిబట్టలు. పెట్టె మీద రెండు కడ్డీలు నిలబెట్టి, తడిపిన మడిపంచె వాటికి కట్టుకుని బయల్దేరేవాడు. ఊరు చేరేసరికి అది ఆరాలి. "రోడ్డు మీద ఆరేస్తే మడేంటండీ?" అన్నాను ఒకసారి. "గాలికి మైల లేదండి" అన్నాడు. బండి ఎంత వేగంగా పోయిందో మీటరు చూసి చెప్పేవాడు కాదు. "నిన్న ముప్పావు పంచె ఆరిందండి. ఇవాళ కార్బురేటర్లు సరిచేశాక పూర్తిగా ఆరింది, అంచుతో సహా" అనేవాడు.

సైలెన్సర్ల విషయంలో నేను ఓడిపోయాను. ఆ ఇంజను పాడే పాట నాకు ఇష్టం. మోటారుసైకిళ్ళ పని అంటే మంట అన్నవాణ్ణే ఆ చప్పుడుకి పడిపోయాను. ఆయన మాత్రం వింటే కదా.

"చప్పుడు తగ్గించండి మేస్త్రీగారూ. బొత్తిగా వినబడకూడదు."

"అందరూ పెంచమంటారు, మీరు తగ్గించమంటారేంటండీ?"

"అందరి బండీ వినబడితే ఎవరో వస్తున్నారనుకుంటారండి. నా బండి వినబడితే ఎవరో పోయారనుకుంటారు. మొన్నొక ఊళ్ళో మంచాన పడ్డ ముసలాయన కిటికీలోంచి నా చప్పుడు విని, 'అప్పుడే వచ్చేశాడా, నేనింకా ఉన్నానే' అన్నాడంట. వాళ్ళు నవ్వుతూనే చెప్పారు. నాకు మాత్రం రెండు ముద్దలు దిగలేదండి."

సైలెన్సర్ల లోపల గొట్టానికి చిల్లులు పొడిచి, చుట్టూ గాజుదూది కూరి బిగించాను. జోరు తగ్గకుండా చప్పుడు చంపడం తేలిక కాదు. రెండుసార్లు మళ్ళీ చేశాను. ఆ తర్వాత ఆ బండి గట్టు మీద పోతుంటే కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఉండేది.

అసలు దోషం బ్రేకు. దానికి శాంతి ఒక్కటే, డ్రమ్ము పీకేసి డిస్కు పెట్టడం. అప్పట్లో డిస్కు బ్రేకు మా వైపు అరుదు. ఆయన రాజమండ్రి వెళ్ళి పాత ఇనుము దుకాణాలన్నీ గాలించి, ప్రమాదంలో నుజ్జయిన ఏదో బండి తాలూకు, ముందు చక్రాన్ని మోసే ఫోర్కు, డిస్కుని బిగించి పట్టే బ్రేకు పట్టకారు మోసుకొచ్చాడు. బస్సులో పక్కన కూర్చున్నాయన అదేమిటని అడిగితే "శాంతి సామాను" అన్నాడట. డిస్కు నేను మందపాటి స్టెయిన్‌లెస్ రేకు మీద తిప్పాను. వెంట్రుకవాసి వంకర ఉన్నా బ్రేకు వేసినప్పుడల్లా హ్యాండిలు ఊగిపోతుంది. ఆ వంకర తీసేసరికి నా కళ్ళు వాచాయి. బిగించాక చక్రం తిప్పితే గాల్లో గీత గీసినట్టు తిరిగింది. ఇంత చక్కటి పని నా చేత్తో మరోటి చెయ్యలేదు. గొప్పకి చెప్పడం లేదు, గొప్పగానే ఉంది.

ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయనా లేడు, బండీ లేదు. బెంచీ మీద చిన్న గిన్నె, కుంకుమ పొట్లం, అగరుబత్తి బూడిద ఉన్నాయి. పూజ చేసుకుని బయల్దేరాడన్నమాట అనుకున్నాను. గిన్నెలో వేలు పెట్టి చూశాను. పసుపు. ఒట్టి పసుపు కాదు, నువ్వులనూనెలో కలిపిన పసుపు.

కొత్త వస్తువు ఏది వచ్చినా, తిరగలి కానీ బీరువా కానీ, నూనెలో పసుపు కలిపి రాసి బొట్టు పెట్టడం మనకి మామూలే. ఆయన పెట్టింది కొత్త డిస్కుకి. నూనె అంటిన డిస్కు మీద బ్రేకు పడుతుందా? బ్రేకు పరీక్షించడానికి ఆయన ఆ లాకుల మలుపుకే వెళ్ళుంటాడనిపించింది. స్కూటరు తీసి పెనుగొండ రోడ్డు పట్టాను.

కాలవగట్టు దిగువన నారుమళ్ళు పచ్చగా ఉన్నాయి. ఒక మడిలో నారు రెండుపాయలుగా చీలి ఉంది. ఆ పాపిట చివర మోకాళ్ళ లోతు బురదలో, మొండికేసిన ఎద్దుని పట్టుకున్నట్టు బండి పట్టుకుని ఆయన నిలబడ్డాడు. నెత్తి మీద కూడా బురద.

"మేస్త్రీగారూ, దోషం ఇంకా పోలేదండీ!"

నేను దిగి డిస్కు తుడిచి వేలు వాసన చూశాను. "దోషం దానిది కాదండి, మీది. దీనికి తలంటు పోశారు."

ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. పచ్చగా ఉన్నాయి. ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టాడు. నిలబడలేక బురదలోనే కూర్చుని నవ్వాడు. ఆ మనిషి నవ్వగలడని నాకప్పటిదాకా తెలీదు. నారుమడి రైతు గట్టు మీద నుంచి తిట్లు లంకించుకున్నాడు కానీ, లోపలున్నది ఎవరో చూసి తిట్టడం ఆపేశాడు. ఆయన్ని తిట్టడానికి కూడా జనం భయపడతారు.

నవ్వు అక్కడితో అయిపోయింది. ఆ బండి మళ్ళీ మనిషిని గట్టు దింపిందన్న కబురు ఆ కామందు చెవిన పడింది. మర్నాడే, ఆయనా నేనూ బండికి బురద కడుగుతుండగా, ట్రాక్టరు మీద మా షాపుకి వచ్చాడు. ఎత్తైన మనిషి, తెల్లటి పంచె, మాసిన గడ్డం. చేతికర్ర అప్పటికింకా లేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"పంతులుగారూ, అది మనుషుల్ని మరిగిందండి. నాకిచ్చెయ్యండి. గొయ్యి తీసి పూడ్పిస్తాను."

"ఇచ్చిన దానం వెనక్కి అడక్కూడదండి" అన్నాడు ఆయన నెమ్మదిగా.

"రేపు మీరు దాని మీద పోతే ఆ పాపం ఎవరిదండీ? నాది కాదూ? కొనిచ్చి ఒకణ్ణి చంపాను, దానమిచ్చి ఇంకొకర్ని చంపనా?"

"మీరు చంపలేదండి. అబ్బాయి కూడా అడ్డగోలుగా పోలేదు. బ్రేకు వేశాడు. డ్రమ్ము విప్పి కళ్ళారా చూశాం. కావాలంటే ఇవిగో..." అని షూలు చుట్టిన తువ్వాలు మూట విప్పబోయాడు.

కామందు చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దండి. లాకులవాడు చూశాడు, బాణంలా వచ్చి పడ్డాడని చెప్పాడు. బ్రేకు వేసుంటే ఆగడా? ఏడ్చేవాళ్ళని ఊరడించడం మీ వృత్తండి, మీ తప్పు కాదు. నన్ను మాత్రం ఊరడించకండి."

ఆయన మూట మళ్ళీ కట్టేశాడు. నేను ఆయన మొహంలో కోపం చూసింది అప్పుడే. గొంతు మాత్రం పెరగలేదు.

"సంవత్సరీకం దాకా ఆగండి కామందుగారూ. ఆ వేళ పొద్దున్న బండితో మీ గుమ్మంలోకి వస్తాను. అప్పటికీ ఇది ఆగడం నేర్చుకోకపోతే నా చేత్తో అప్పగిస్తాను. దానం తిరిగిచ్చిన పాపం నేను పడతాను."

కామందు ఒప్పుకున్నట్టు తలూపి ట్రాక్టరు ఎక్కాడు. ఆ తర్వాత ఆయన ఆ బండిని వదల్లేదు, నన్నూ వదల్లేదు. డిస్కు పెట్రోలుతో కడిగాం. బ్రేకు ఇప్పుడు ఎంత గట్టిగా పట్టిందంటే, ఒకపక్కే లాగడం వల్ల ముందు ఫోర్కు మెలితిరగసాగింది. ఫోర్కు రెండు కాళ్ళనీ కలిపి పైన అడ్డపట్టీ వేశాను. ముందు నిలబడితే వెనక నడుం ఊగింది. వెనక ఫోర్కుకి ఇత్తడి బుష్షులు తిప్పి వేశాను. అదీ కుదిరితే టైరు జారింది. వెడల్పు టైరు కోసం ఆయన మళ్ళీ రాజమండ్రి. ఒక దోషం తీస్తే దాని వెనక దాక్కున్న మరో దోషం బయటపడేది. నాకు విసుగొచ్చేది, ఆయనకి రాలేదు.

"ఇంజను జోరు తగ్గించేద్దామండి, గొడవొదిలిపోతుంది" అన్నాను ఒకరోజు, నిజంగానే.

ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "బలం దాని తప్పు కాదండి. కాళ్ళు విరగ్గొట్టి, చూడు ఎంత బుద్ధిమంతురాలో అంటే ఒప్పుతుందా? అది ఎంత పరిగెడితే అంతా ఆగాలి. లేకపోతే ఆ కుర్రాడి బండి కాదు, వేరే బండి అవుతుంది. వేరే బండి ఆగితే ఆ తండ్రికేం లాభం?"

నేను లేతు ఆన్ చేశాను. ఆ రోజే ఈ మనిషంటే నాకు ప్రేమ కలిగింది. మొహమాటం లేకుండా రాస్తున్నాను.

వైశాఖం వచ్చింది. ధవళేశ్వరంలో నీళ్ళు ఆపేశారు, కాలవలు మళ్ళీ ఎండిపోయాయి. సంవత్సరీకం రోజు పొద్దున్నే నన్ను పెట్టె ముందు కూర్చోబెట్టుకుని ఆయన ఆ ఊరు వెళ్ళాడు. గుమ్మం ముందు ట్రాక్టరు సిద్ధంగా ఉంది, గునపాలతో ఇద్దరు పాలేర్లు నిలబడి ఉన్నారు. కామందు మాట మీద నిలబడే మనిషే.

"ఆగడం నేర్చిందాండీ?" అన్నాడు వసారాలోంచి.

"ఆయ్. నేను చెప్తే ఊరడింపు అంటారు. మీరే వెనకాల ఎక్కి చూడండి."

"నేను దాన్ని ముట్టుకోను."

ఆయన బతిమాలలేదు. బండి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు లోపల్నుంచి ఆ ఇంటావిడ వచ్చింది. ఏడాదిగా గడప దాటని మనిషని తర్వాత విన్నాను. తిన్నగా బండి దగ్గరికి నడిచి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, "ఎలా ఎక్కాలండీ?" అని ఆయన్నడిగింది.

"ఏంటిది? దిగు!" అన్నాడు కామందు.

"ఇంకా ఎక్కలేదు" అందావిడ. "నా బిడ్డ ఆఖరున ఏం చేశాడో నాకు తెలియాలి. మీరు ఎక్కకపోతే నేనెక్కుతాను."

కామందు వసారా దిగాడు. భార్యని పక్కకి జరిపి, కళ్ళు మూసుకుని, బండి మీద కూర్చున్నాడు.

నేను అడ్డదారిన గట్టెక్కి లాకుల వైపు పరిగెత్తాను. వంతెన దగ్గర బండి తిరగడం కనబడింది. తర్వాత చప్పుడు లేకుండా పెరుగుతూ వచ్చింది. కుర్రాడు వచ్చిన దారే, ఆ జోరే. కామందు పంచె చెంగు వెనక తెరచాపలా లేచింది. మలుపు దగ్గర సున్నం కొట్టిన రాయి ఉంది. ఆ రాయి దాటితే కాలవే. నేను చూడలేక మొహం తిప్పుకుందామనుకున్నాను, చూశాను. ముందు చక్రం భూమిని కరుచుకుంది. బండి ముక్కు కిందికి వంగింది, వంకర పోలేదు, జారలేదు. ఆగింది. రాయికీ చక్రానికీ మధ్య నులకమంచం వేసుకుని పడుకోవచ్చు.

చాలాసేపు ఇద్దరూ దిగలేదు. కామందు రెండు చేతులూ ఆయన నడుం చుట్టూ ఉన్నాయి. అపరకర్మల బ్రాహ్మణ్ణి పట్టుకున్నానన్న ధ్యాస కూడా లేదు.

"ఎలా ఆపారండీ?" అన్నాడు చివరికి.

ఆయన కుడిచెయ్యి లీవరు మీద నుంచి తియ్యకుండా చూపించాడు. "రెండు వేళ్ళండి."

"రెండు వేళ్ళేనా?"

"రెండే. మీవాడు చెయ్యంతా వేసి నొక్కాడు. అప్పుడు ఇది వినలేదండి."

అని జేబులోంచి తువ్వాలు మూట తీశాడు. కామందు ఈసారి అడ్డం పెట్టలేదు. నేను నా సంచిలోంచి కొత్త షూ ఒకటి తీసి పక్కన పెట్టాను, గరుకుగా, ఊక రంగులో. కామందు కొత్తదాని మీద బొటనవేలు రాశాడు. తర్వాత పాతదాని మీద రాశాడు. నల్లగా, నున్నగా, వేలు జారిపోయింది. మళ్ళీ రాశాడు.

"కాలిపోయాయే" అన్నాడు. "ఇంత గట్టిగా పట్టుకున్నాడా నా తండ్రి."

గట్టు మీద, ఆ సున్నం కొట్టిన రాయి పక్కన కూర్చుని ఏడ్చాడు. ఆయన ఊరడించలేదు. తడిపంచె కడ్డీలకి మళ్ళీ సరిగ్గా కట్టుకుంటూ, అటు తిరిగి నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక తంతు మొదలైంది. దర్భలు పరిచి, నువ్వులు నీళ్ళు చేతిలో పోసి, మంత్రం చదువుతూ చదువుతూ పేరు దగ్గరికి వచ్చి ఆయన ఆగాడు. కిందటేడు ఆ ఖాళీ ఆయనే పూరించాడు. ఈసారి పూరించలేదు. తలెత్తలేదు కూడా. కామందు గొంతు సవరించుకుని గోత్రం చెప్పాడు. ఆ తర్వాత కొడుకు పేరు చెప్పాడు, ముద్దుపేరు కాదు, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పక్కవీధికి వినబడేలా. గుమ్మం పక్కన ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గునపాల పాలేర్లు ఎప్పుడు వెళ్ళిపోయారో నేను చూడలేదు.

అయిపోయాక ఆయన అలవాటు ప్రకారం ఎవరితోనూ చెప్పకుండా సంచి సర్దుకుని బయటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను. పెట్టె మూసి, బండెక్కి, కిక్కు మీద కాలు వేశాడు. అప్పుడు వెనకనుంచి అడుగుల చప్పుడు. కామందు గేటు దాకా వచ్చాడు, తడిబట్టలతోనే.

"పంతులుగారూ."

"ఆయ్."

"మళ్ళీ రండి."

ఆయన కిక్కు కొట్టాడు. బండి అంటుకోలేదు. మళ్ళీ కొట్టాడు. మొదటి తన్నుకే అంటుకునే బండి అది, నేను సరిచేసినది. వంగి చూస్తే తాళం తిప్పలేదు. తిప్పమని చెప్పబోయి ఆగిపోయాను. ఆయన హ్యాండిలు పట్టుకుని, నేల చూస్తూ, కాసేపు అలాగే ఉండిపోయాడు.

తర్వాత తలెత్తి, "వస్తానండీ" అన్నాడు.